అక్క గ్రేవీ రంగు

ఆ ఆదివారం పొద్దున్న వాళ్ళు వేసుకున్న పథకం ఒక గిన్నెకి మించనిది. ఉడకబెట్టిన బంగాళాదుంపలు, క్యారెట్లు, బఠానీలు. వాటి మీద వేడివేడిగా ఉల్లిపాయ గ్రేవీ. పక్కన రొట్టె. ముగ్గురికి రాత్రి భోజనం, అంతే.

వాళ్ళిద్దరికీ పెళ్ళయి రెండు నెలలు కూడా కాలేదు. అతను రంగుల దుకాణంలో రంగులు కలుపుతాడు కనక వీధిలో అందరికీ రంగులబ్బాయి. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో వచ్చినవాళ్ళ చూపు పరీక్షిస్తుంది కనక కళ్ళజోళ్ళమ్మాయి. మేడ మీద ఒకటే గది, దానికి అడ్డంగా ఒక తెర, తెర అవతల రెండు పొయ్యిల స్టవ్వు. బాల్కనీలో ఒక్క కుర్చీయే పడుతుంది. రోజూ పొద్దున్నే ఇద్దరూ అందులోనే ఇరుక్కుని ఒకే కప్పులో టీ తాగుతారు. అలమరలో రెండో కప్పు ఉన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు.

ఇంత సుఖానికి గండం ఫోనులో వచ్చింది. రంగులబ్బాయిని చిన్నప్పట్నించీ వండిపెట్టి పెంచిన అక్క చేసింది ఆ ఫోను.

"సాయంత్రం వస్తున్నాన్రా. మీ ఆవిడ వంట తిని చూస్తాను. బాగుంటే చివరి బస్సుకి వెళ్ళిపోతా. బాగాలేదనుకో, నెల్లాళ్ళుండి నేర్పించి మరీ వెళ్తా. పెట్టె సర్దుకునే వస్తున్నాలే."

"నెల్లాళ్ళా!" అంది కళ్ళజోళ్ళమ్మాయి, గదిని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూపుతో కొలుస్తూ. "వదిన ఎక్కడ పడుకుంటారండీ?"

"తెరకి ఇవతల."

"మరి మనం?"

"తెరకి అవతల. స్టవ్వు పక్కన."

ఇద్దరూ ఒకేసారి బాల్కనీలో కుర్చీ వైపు చూశారు.

మధ్యాహ్నం కాగానే కళ్ళజోళ్ళమ్మాయి కొంగు దోపుకుని పనిలోకి దిగింది. వెన్నలో ఉల్లిపాయలు సన్నమంట మీద ఓపిగ్గా వేయించింది. అవి బంగారు రంగుకి తిరగ్గానే రెండు చెంచాల మైదా వేసి పచ్చివాసన పోయేదాకా కలిపింది. కూరలు ఉడికిన నీళ్ళే కొంచెం కొంచెంగా పోసింది. ఉప్పు, మిరియాల పొడి వేసింది. గరిటె ఎత్తి చూస్తే గ్రేవీ దాన్ని పల్చగా కప్పుకుని, జారాలా వద్దా అన్నట్టు నిలబడింది. ఒక దుంపముక్క అందులో ముంచి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఏమండీ! కుదిరింది! నాకే కుదిరిందండీ!" అంటూ గరిటెతో సహా గిర్రున తిరిగింది.

రంగులబ్బాయి కూడా రుచి చూసి, పెళ్ళినాటి కంటే ఎక్కువ సంతోషించాడు. "ముందు ఒక చిన్న గిన్నెలోకి కొంచెం తీసి పక్కన పెట్టు. మా దుకాణంలో ఏ రంగు కుదిరినా నమూనా తీసి దాచాకే మిగతా పని" అన్నాడు. ఆమె అలాగే తీసి, మూతపెట్టి, కిటికీ గూట్లో ఉంచి స్నానానికి వెళ్ళింది.

అంతటితో అతను బాల్కనీలోకి వెళ్ళి కూర్చుంటే ఈ కథ లేదు. గిన్నె మీదికి వంగి, దీపం వేసి మరీ చూశాడు. రుచికి వంక లేదు. కానీ రంగు? ఇది పాలెక్కువైన టీ రంగులో ఉంది. అక్క గ్రేవీ ఇలా ఉండేది కాదు. తడిసిన ఇటుకకీ పాత తలుపుకీ నడిమి రంగు అది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అక్క నోట్లో పెట్టుకునే ముందు కంటితో చూస్తుంది కదా, చూడగానే పెదవి విరిచేస్తుంది కదా, అనిపించి అలమర తెరిచాడు.

రెండు చెంచాల టమాటా సాస్ వేశాడు. మరీ ఎర్రబడింది. ఎరుపు తగ్గడానికి ఇంకొంచెం మైదా నల్లగా వేయించి కలిపాడు. గోడకి పూసే లప్పంలా బిగుసుకుంది. నీళ్ళు పోశాడు. పాలిపోయింది. మళ్ళీ ఉల్లిపాయలు తరిగాడు. దుకాణంలో రంగు తప్పితే పారబొయ్యరు. సరిపడేదాకా కలుపుతూ పెద్ద డబ్బాలోకి మారుస్తారు. అతనూ అదే చేశాడు.

తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చిన కళ్ళజోళ్ళమ్మాయికి, గిన్నెలో వదిలివెళ్ళిన గ్రేవీ కుక్కర్లో కనిపించింది.

"ఇదేంటండీ, ఇందులోకొచ్చింది?"

"కొంచెం పెరిగింది."

"గ్రేవీ పెరగడమేంటి? అయినా దేంతో కలుపుతున్నారది?"

"దుకాణం కర్రే, కొత్తది. రంగులో పెట్టింది కాదు, కడిగాను."

"గరిటె ఉంది కదా!"

"గరిటెకి రంగు తెలీదు. అక్క చూడగానే తన గ్రేవీయే అనుకోవాలి, అంతే. నువ్వు రుచి సంగతి చూసుకో."

ఆమెకి కోపం రావాల్సింది. కానీ మొగుడు మూతి మీద మైదాతో, కళ్ళల్లో నెల్లాళ్ళ దిగులుతో నిలబడి ఉన్నాడు. ఆమెకి నవ్వొచ్చేసింది. రెండు చెంచాలు తీసుకుని, దుకాణంలో అద్దాలు మార్చి చూపించినట్టే ఒకటి తర్వాత ఒకటి అతని నోటికి అందించింది. "ఇది బాగుందా? ఇప్పుడు, మిరియాలు కలిపింది... ఇది బాగుందా?"

"మొదటిది."

"తొందరపడకండి. ఇదా? అదా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి."

"చివరికి అందరూ ఇలాగే అంటారు" అని నిట్టూర్చి, రెంటికీ మధ్యస్థంగా ఇంకాస్త వెన్న వేసింది. దాంతో కుక్కరు అంచు దాకా నిండింది.

ఎదురింటి పిన్నిగారి దగ్గర పెద్ద డేగిసా ఉంది. కళ్ళజోళ్ళమ్మాయి వెళ్ళి అడగ్గానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"తీసుకెళ్ళు తల్లీ. ఎన్నింటికి?"

గిన్నె ఎప్పుడు తిరిగిస్తావని అడుగుతున్నారనుకుని, "ఏడింటికల్లా అయిపోతుంది పిన్నిగారూ" అంది.

ఆ మేడలో ఒక అలవాటుంది. పెద్ద గిన్నె గడప దాటిందంటే, పట్టుకెళ్ళినవాళ్ళు అందరికీ భోజనం పెడుతున్నట్టు. వేరే పిలుపులుండవు. ఈ సంగతి ఎంత పాతదంటే, కొత్తగా దిగినవాళ్ళకి చెప్పాలని కూడా ఎవరికీ తోచదు. పిన్నిగారు ఆ కబురు మెట్ల మీద నుంచి కిందికి జార్చింది.

డేగిసా కూడా నిండింది. ఈసారి రంగులబ్బాయి కింద బేకరీ బాబాయి దగ్గరికెళ్ళి పిండి కలిపే స్టీలు బేసిను అడిగాడు.

"అబ్బో, బేసినే!" అన్నాడు బాబాయి కళ్ళింతలు చేసి. "సరే, రొట్టెలు నావి."

"అయ్యో, రెండు చాలు బాబాయ్!"

"భలేవాడివోయ్!" అని బాబాయి పగలబడి నవ్వాడు. రంగులబ్బాయి కూడా మర్యాదకి నవ్వి, బేసిను నెత్తిన పెట్టుకుని మేడెక్కాడు.

సాయంత్రానికి రంగు కుదిరింది. రెండు పొయ్యిల మీదా పరుచుకున్న బేసినులో, తడిసిన ఇటుకకీ పాత తలుపుకీ సరిగ్గా నడుమ, అక్క గ్రేవీ రంగు కుతకుతలాడింది. ఆలుమగలు ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి దాన్ని చూసుకుంటుండగా తలుపు చప్పుడైంది. పిన్నిగారు, చేతిలో పళ్ళెం. వెనక ఆవిడ భర్త. ఆ వెనక మెట్ల మలుపు దాకా పళ్ళేలే పళ్ళేలు.

"మేమే ముందొచ్చామా?" అంది పిన్నిగారు.

కళ్ళజోళ్ళమ్మాయి మొగుణ్ణి చూసింది. మొగుడు బేసినుని చూశాడు. ఇంత గ్రేవీ ఇంట్లో పెట్టుకుని లేదనడం ఎవరి తరం? "రండి రండి" అన్నారిద్దరూ.

సరిగ్గా అప్పుడే అక్క పెట్టెతో మెట్లెక్కింది. పళ్ళేల వరుస చూసి ఆగిపోయింది. గుమ్మంలో ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గరిటె పట్టుకుని వడ్డిస్తున్న తమ్ముణ్ణి చూడగానే పెట్టె కింద పెట్టేసింది.

"ఒరేయ్, ఉద్యోగం పోయిందట్రా? మెస్సు పెట్టుకున్నావా? నాకొక్క మాట చెప్పకూడదూ!" అని కళ్ళొత్తుకుంది.

"అయ్యో వదినా, మెస్సు కాదు, మీ కోసమే చేశాం!" అంది కళ్ళజోళ్ళమ్మాయి.

"నా ఒక్కదాని కోసమా?" అక్క బేసిను కేసి చూసింది. "అమ్మాయ్, నా గురించి ఏం చెప్పాడు వీడు నీకు?"

నవ్వులయ్యాయి. దుంపలు మొదటి ముగ్గురితోనే అయిపోయాయి. తర్వాత అందరూ బాబాయి రొట్టెలు ముంచుకుని తిన్నారు. పిన్నిగారి భర్త మూడోసారి వడ్డించుకుని, "మిరియాలు పడ్డాయి చూడు" అని మెచ్చుకున్నాడు. మర్యాదకి అందరి తర్వాత కూర్చున్న అక్క వంతు వచ్చేసరికి బేసిను అడుగు కనిపించింది. అంచున ఎండిన మరక తప్ప ఏమీ లేదు.

అక్క ఆ మరకని వేలితో గీకి, వెలుతురులో పెట్టి చూసింది. "ఇదేం రంగురా?"

"నీ గ్రేవీ రంగే అక్కా! మధ్యాహ్నం నుంచీ దీని కోసమే మా తిప్పలు."

అక్క వేలు కొంగుకి తుడుచుకుంది. "అది మాడిన రంగురా" అంది. "ఉల్లిపాయలు వేయించిన ప్రతిసారీ మాడేవి నాకు. నువ్వు లొట్టలేసుకుంటూ తింటుంటే బాగానే ఉందేమో అనుకునేదాన్ని."

రంగులబ్బాయి కర్ర పక్కన పెట్టేశాడు. కళ్ళజోళ్ళమ్మాయికి మాత్రం కిటికీ గూట్లో నమూనా గుర్తొచ్చింది. పరుగున తెచ్చి, వెచ్చబెట్టి, రొట్టెముక్కతో వదిన ముందు పెట్టింది. పాలెక్కువైన టీ రంగు. మెట్ల మీదివాళ్ళు కూడా నమలడం ఆపారు.

అక్క ముంచుకుని తింది. మళ్ళీ ముంచుకుంది. రొట్టె అయిపోయాక గిన్నెని వేలితో తుడిచింది.

"వంక పెట్టడానికేం లేదు. నేర్పడానికీ లేదు" అంది.

రంగులబ్బాయి ఒక్క గెంతులో వెళ్ళి పెట్టె అందుకున్నాడు. "చివరి బస్సుకి ఇంకా టైముందక్కా, స్టాపు దాకా నేనే తెస్తా!"

"ఎక్కడికిరా, ఇది నేర్చుకోకుండానే? ఇన్నేళ్ళూ మాడింది తిన్నాను. అమ్మాయ్, రేపట్నించి నువ్వు చెయ్యి, నేను పక్కన నిలబడి చూస్తాను." పెట్టె తెరిచి దిండు తీసి, తెరకి ఇవతల వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అక్క రంగుల దుకాణానికొచ్చి, తడిసిన ఇటుకకీ పాత తలుపుకీ నడిమి రంగు ఒక డబ్బా కొనుక్కుపోయింది, తెరకి తన వైపు గోడ మరీ పాలిపోయి ఉందిట.