పగిలిన గుట్టకు గచ్చు పట్టీ

అయ్యలారా, అమ్మలారా! మీ ఊరి పక్కన గుట్ట ఉన్నదా? ఉంటే అది పగిలిందా? పగలలేదంటే మీ అంత నసీబు లేనోళ్లు నిజామాబాద్ జిల్లాల ఇంకొకరు లేరు!

నవ్వకుండ్రి. వర్ని దిక్కు నల్లగుట్టపల్లిని చూసి మాట్లాడుండ్రి. గుట్ట పగలకముందు ఆ ఊరి పేరు సర్కారు కచేరీల ఎవరికన్న ఎరుకనా? కలరా వస్తే డాక్టరు రాలే. బావులెండితే పెద్ద సాబులెవరూ రాలే. గుట్టకు పగులు పట్టిందన్న మాట చెవిన పడ్డదో లేదో, మోటారు కారే వచ్చింది! దాని ఎనుక కుర్చీలు, చాయ్ సామాను, జవాన్లు! పగులు కన్న పెద్ద సిఫారసు ఉంటదా చెప్పుండ్రి?

అసలు ఆ పగులు ఎట్ల వచ్చిందో చెప్తా. బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ లేచినంక చెరుకు బండ్లకు మంచి బాట కావాలన్నరు. బాట గుత్త పట్టినాయన తెలివిగల్లోడు. దూరం నుంచి కంకర ఎవడు మోస్తడని గుట్ట అడుగునే తవ్వుకున్నడు. బాట నున్నగ తయారైంది. బండ్లు నడిచినయి. ఆ వానకాలానికి గుట్ట కూడ నడుద్దామనుకున్నది. పుట్టినకాడి నుంచి ఒక్క తీరుగ నిలబడితే దానికి మాత్రం విసుగు రాదా?

ఆ గుట్ట కాళ్లకాడనే ముత్తవ్వ ఇల్లు. మొగడు పోయినంక నిజాంసాగర్ కాలువ పనిల సున్నం గచ్చు కలిపి, రెక్కల కష్టంతోని కట్టుకున్న ఇల్లు. ఇల్లంటే నాలుగు గోడలు, పైన పెంకలు, లోపల ఒక పొయ్యి, ఒక మేక. వాన పడ్డప్పుడల్ల గుట్ట మీంచి రాళ్లు పెంకల మీద దొర్లుతుంటే ఆమె పానం అరచేతుల పెట్టుకొని మేకను పట్టుకొని కూసునేది. ఆమె కోరిక ఒక్కటే. కాలువ పక్కన సర్కారు జాగ చదునుగ పడి ఉన్నది. అండ్ల గుడిసె వేసుకునేంత చోటు ఇస్తే చాలు.

"జాగ అంటే మాటలా ముత్తవ్వా?" అన్నడు బాలనర్సయ్య పటేలు. "పెద్ద ఇంజనీరు సాబు వస్తుండు. ఆయన దిల్ ఖుష్ అయితే ఇప్పిస్తడు."

సాబు వచ్చిండు. విలాయతిల బండల చదువు చదివినాయన. గుట్టను పైకీ కిందికీ చూసి, సుత్తెతోని రెండు దెబ్బలు కొట్టి, ముచ్చటపడుకుంట చెప్పిండు.

"ఈ బండల పొరలన్నీ మీ ఊరి దిక్కే వాలి ఉన్నయి. సందులల్ల నీళ్లు దిగుతున్నయి. కింద ఆసరా తవ్వేసిండ్రు. జారొచ్చు. జారకపోవచ్చు. రిసెర్చ్ చెయ్యాలె!"

"జారితే నా ఇంటి మీదికేనా దొరా?" అని అడిగింది ముత్తవ్వ.

"బిల్కుల్!" అన్నడు సాబు. ఇంత కష్టమైన శాస్త్రం ఆమెకు ఇంత తొందరగ సమజైనందుకు ఆయనకు చాన సంబురమైంది.

"మరి నాకు కాలువ పక్కన జాగ?"

"ముందు గుట్ట నడుస్తున్నదని రుజువు కానీ."

అట్లని పగులు మీద అడ్డంగ, ఈ బండ నుంచి ఆ బండకు ఒక గచ్చు పట్టీ వేయించిండు. గుట్ట కదిలితే ఆ పట్టీ పగులుతది, పగిలితే గుట్ట కదిలినట్టు లెక్క. అసలు శాస్త్రం అదే. కని ఆ ముక్క ఊరోళ్లకు చెప్పలే. కారణాలు చెప్పుకుంట పోతే చదువుకున్నోళ్ల ఇజ్జత్ ఏం గావాలె? "ఈ పట్టీని పైలంగ చూసుకోండ్రి" అన్నడు. మోటారు ఎక్కిండు. పోయిండు.

ఇగ మన బాలనర్సయ్య పటేలు సంగతి. ఆయనది ఒకటే కానూను. హాకీము, అంటే పై అధికారి, వచ్చిండంటే ఆయన కండ్ల పడ్డదేదీ పగిలి ఉండొద్దు, చినిగి ఉండొద్దు. గోడలకు సున్నం పడాలె. చినిగిన బట్టలోళ్లు ఇంట్లకెల్లి బయటికి రావద్దు. అసుంటి పటేలు ఊర్ల సాబు సొంత పట్టీ మొదటి వానకే చిటుక్కుమని రెండు తునకలైంది!

"కొంప మునిగింది ముత్తవ్వా!" అని ఉరికొచ్చిండు పటేలు. "సాబు చూసిండంటే నా పటేల్గిరి పోతది. నీ జాగా పోతది. గచ్చు పని నీ చేతుల్లనే ఉన్నది గదా, జర అతుకు తల్లీ!"

ముత్తవ్వ అతికింది. అతుకుడంటే అట్లిట్ల కాదు! సున్నం మెత్తగ నూరి, కరక్కాయ నీళ్లు పోసి, గానుగకాడ అడుక్కొచ్చుకున్న బెల్లం కరగబెట్టి కలిపింది. పండుగనాడు కూడ తన నోట్లె వేసుకోని బెల్లాన్ని గుట్ట నోట్లె పెట్టింది. మల్ల వాన పడ్డది, మల్ల పగిలింది, మల్ల అతికింది. ఆ వానకాలమంత గదే పని. సున్నానికి చేతులు పొక్కి మంటలు లేస్తుంటే "దొర పట్టీ మంచిగుంటే నాకు జాగ వస్తది" అనుకుంట గుట్ట ఎక్కేది.

వానలు ఎనుకబట్టినంక సాబు వచ్చిండు. పట్టీ చూసిండు. వేలితోని నిమిరిండు. అద్దం లెక్క ఉన్నది!

"షాబాష్! గుట్ట ఇంచు కదలలే. గట్టిగున్నది!"

పటేలు మీసం దువ్వుకున్నడు. ముత్తవ్వ చేతులు జోడించింది. "మరి జాగ ఇప్పిస్తవా దొరా?"

"జాగ ఎందుకమ్మా ఇగ? గుట్ట కదలలే గదా. నీ ఇంటికేం డోకా లేదు."

"కదలకపోవుడేంది దొరా! పట్టీ పగిలినప్పుడల్ల అతికింది నేనే గదా!"

పటేలు ఆకాశం దిక్కు చూసిండు. సాబు మొఖం ఎర్రగైంది. "సర్కారీ రిసెర్చ్ ఖరాబ్ చేసినవా?" అని అరిచిండు. పట్టీ పగులుడే రుజువు అన్న సంగతి అప్పుడు, అంత కోపంల, నోరు జారి చెప్పిండు.

"అయితే నేనే చెప్తున్న గదా దొరా, వాన వచ్చినప్పుడల్ల పగిలింది. కావాలంటే పటేల్నడుగు."

"నీ మాట రుజువు కాదు. పట్టీ చెప్పాలె!"

అవును మరి. మనిషన్నంక అబద్ధమాడొచ్చు. గచ్చు అబద్ధమాడుతదా? కొత్త పట్టీ వేయించి, వచ్చే వానకాలం చూద్దామని సాబు ఎల్లిపోయిండు. ముత్తవ్వ ఆ పగులుకాడనే కూలబడి, పొక్కిన చేతులు చూసుకుంట ఏడ్చింది. "నా నోట్లె నేనే మన్ను పోసుకుంటినే!" అని ఏడ్చింది. ఆమెను ఓదార్చే మొఖం ఊర్ల ఎవ్వరికీ లేకపాయె.

గుట్టకు మాత్రం వచ్చే వానకాలం దాక ఆగే ఓపిక లేదు. చెరుకు కొట్టే దినాలల్ల కాలం గాని వాన ఒకటి దంచింది. ముత్తవ్వ కోటగిరి దిక్కు చెరుకు కొట్ట పోయింది, అందుకే బతికింది. పొద్దుగూకేసరికి వచ్చి చూస్తే ఇంటి నడుమ బండ కూసోని ఉన్నది. పెంకలు లేవు, పొయ్యి లేదు. మేక బండ కింద ఉన్నది.

సాబు మోటారు ఈసారి ఎంత జల్ది వచ్చిందనుకున్నరు! బండ చుట్టు తిరిగి, దాని పక్కలు తడిమి మురిసిపోయిండు. "పొర ఎంత సాఫుగ విరిగింది! ఇసుంటి బండ దొరుకుడు నసీబు! ఇది వానల తడవొద్దు, ఎండల ఎండొద్దు. దీని మీద రిసెర్చ్ చెయ్యాలె!"

ఇగ చూడుండ్రి సర్కారు దయ! కాలువ పక్కన చదును జాగ ఆ బండకు మంజూరైంది! ఎడ్లను కట్టి, దుంగల మీద గుంజుకపోయి కూసోబెట్టిండ్రు. చుట్టు కంచె, పైన రేకుల కప్పు, కావలికి జవాను ఆత్మారాం. బండ కింద గద్దెకు గచ్చు కలపమని మల్ల ముత్తవ్వనే పిలిచిండ్రు. కూలి పని కదా, పోయింది. బెల్లం మాత్రం వెయ్యలే.

గద్దె ఆరిన తెల్లారి ముత్తవ్వ చాప, కుండ పట్టుకొని కంచె దాటి, రేకుల కింద బండ పక్కన పొయ్యి పెట్టింది.

ఆత్మారాం లబలబలాడిండు. "ఇక్కడ మనుషులు ఉండొద్దు ముత్తవ్వా! ఇది బండ జాగ!"

"నా ఇంట్లకు వచ్చేటప్పుడు అది నన్నడిగిందా అన్నా? అది నా ఇంటికొచ్చింది. ఇప్పుడు నేను దాని ఇంటికొచ్చిన."

"ఆతా కాయ్ కరూ! ఇప్పుడేం చెయ్యాలె!" అని తన మరాఠీల మొత్తుకొని తల పట్టుకున్నడు ఆత్మారాం. పటేలు ఉరికొచ్చిండు. సాబు పైకి రాసిండు. బండ పక్కన మనిషి ఉంటే, పొయ్యి పొగ తగిలితే బండ గుణం మారుతదా మారదా? పైనోళ్లకు పెద్ద అనుమానం వచ్చింది. అది తేలేదాక బండను గాని, మనిషిని గాని కదిలించొద్దని హుకుం వచ్చింది. ఆమె అక్కడనే ఉన్నది.

ఇప్పుడు చెప్పుండ్రి, గుట్ట పగులుడు వరమా కాదా? గుట్ట కింద ఇంకా చాన ఇండ్లున్నయి. ఆ ఇండ్లోళ్లు కూడ జాగ కోసం సాబు కాళ్ల మీద పడ్డరు. "మీ మీద ఇంకా ఏం పడలే గదా" అన్నడు సాబు. అది నిజమే. అందుకే ఇప్పుడు ఆ వాడల జనం పొద్దుగాల లేవంగనే గుట్ట దిక్కు చూసి, ఏ బండ ఎవరిదో పంచుకుంటున్నరు. మా బండ జల్ది పడాలె, పిల్లలు ఇంట్ల లేనప్పుడు పడాలె అని మొక్కుకుంటున్నరు.