వాడేవాళ్లకు స్పెషల్ క్లాసులు

రెండువేల మూడో సంవత్సరంలో, బెంగళూరు పక్క యలహంకలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీవారు కంప్యూటరు వాడేవాడు కూడా మనిషేనని అధికారికంగా గుర్తించారు. ఆ ప్రకటనను నోటీసుబోర్డులో అంటించి, గాజు తలుపు మూసి, తాళం కూడా వేశారు. 'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అనే కొత్త సబ్జెక్టు ఆ విధంగా మొదలైంది. అంతవరకు ప్రోగ్రాములు రాయడం మాత్రమే నేర్చిన పిల్లలకు, వాటిని ఎవరో వాడతారన్న సంగతి తెలిసి కాస్త బెరుకు పుట్టింది.

బోధించే భాగ్యం గురుమూర్తి మాస్టారికి దక్కింది. మహానుభావుడు! వాడేవాడి జ్ఞాపకశక్తి మీద భారం వేయరాదన్న సూత్రాన్ని ఆయన నోట్సు చెప్పి రాయించి, కామా కూడా పోకుండా బట్టీ పట్టించారు. మర్చిపోయిన వాళ్లను బెంచీ ఎక్కించారు. అక్షరాలు స్పష్టంగా కనపడాలన్న పాఠానికి ఆయనిచ్చిన జిరాక్సు కాగితాలను పిల్లలు కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుని చదువుకున్నారు. ల్యాబులో కంప్యూటర్లు లేవా అంటే ఉన్నాయి. ముసుగులు కప్పుకుని, ఏసీలో హాయిగానే ఉన్నాయి. దుమ్ము పడుతుందని పరీక్షల కాలం దాకా ఆ ముసుగులు తీసేవారు కాదు. మాస్టారు బల్ల మీద డస్టరును అటూ ఇటూ జరుపుతూ "ఇదే మౌస్ అనుకోండి" అనేవారు. పిల్లలు అనుకునేవారు.

చివర్లో ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. నర్సింగ్ హోములో డాక్టరును చూడడానికి వచ్చినవాళ్లకు టోకెను ఇచ్చే ప్రోగ్రాము రాయాలి. దాన్ని వాడే మనిషిని ఎవరికి వాళ్లే వెంట తెచ్చుకోవాలి. ఆ మనిషి ఎవరి సాయమూ లేకుండా టోకెను తీసుకోగలిగితే పాస్. శైలజ అనే అమ్మాయి హొసకోటె నుంచి వాళ్ల పెద్దమ్మ పాపక్కను తెచ్చుకుంది. ఈ పరీక్ష మీదే శైలజ ప్రాణమంతా ఉంది. మరుసటి వారం ఒక పెద్ద కంపెనీ ఉద్యోగాలివ్వడానికి కాలేజీకి వస్తోంది. ఒక్క సబ్జెక్టు పోయినవాళ్లను కూడా లోపలికి రానివ్వరు.

ముందుగా ఒకసారి చేసి చూశారు. మొదటి తెర రోగి వర్గం కోడ్ అడిగింది. తర్వాతి తెర విభాగం కోడ్ అడిగింది. పాపక్క తెల్లబోయింది.

"ఏం కోడో ఏమో! నాకు మోకాలు నొప్పిగా ఉండాదని యాడ చెప్పల్ల?"

అలాంటి చోటు ప్రోగ్రాములో లేదు.

"సార్, యూజర్ కన్ఫ్యూజ్ అవుతున్నారు" అంది శైలజ.

"నీ ప్రోగ్రాము స్ట్రాంగుగానే ఉందమ్మా. నీ యూజరే వీక్" అన్నారు మాస్టారు.

వీక్ యూజర్లందరికీ వెంటనే స్పెషల్ క్లాసులు ప్రకటించారు. అత్తలు, మామలు, తాతలు బెంచీల మీద సర్దుకుని కూర్చుని, ఎఫ్ సెవెన్ తర్వాత ఎంటర్ అని వల్లె వేశారు. ఒక తాతగారు పంటికి బదులు ప్రసూతి కోడ్ చెప్పి చీవాట్లు తిన్నారు.

శైలజకు మనసొప్పలేదు. పెద్దమ్మను క్లాసు మాన్పించి ప్రోగ్రామునే మార్చేసింది. ఇప్పుడు తెర మీద తెలుగులో ఒకటే ప్రశ్న: మీకు ఏం బాగాలేదు? కింద కన్ను, పన్ను, మోకాలు బొమ్మలు. పరీక్ష రోజున పాపక్క మోకాలి బొమ్మ మీద నొక్కింది. టోకెను వచ్చేసింది.

"ఓయమ్మ, ఇంతేనా! దీనికా ఇంత సదువు?" అని మురిసిపోయింది.

పరీక్ష చేయడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం మురవలేదు.

"ఈమెకు ట్రైనింగ్ ఎన్నాళ్లిచ్చావు?"

"ఇవ్వలేదు సార్. అవసరం రాలేదు."

"అవసరం రాలేదా? ఎవరు పడితే వాళ్లు వచ్చి వాడేసుకుంటే ఇక ఇంజనీర్లు దేనికమ్మా? ఇందులో నీ కష్టమెక్కడుంది?"

"సరళతకు కూడా ఒక మర్యాద ఉంటుంది" అని గురుమూర్తి మాస్టారు గంభీరంగా సెలవిచ్చారు. దయగల మనిషి కాబట్టి, పాత ప్రోగ్రాముతో మధ్యాహ్నం ఇంకో అవకాశం ఇప్పించారు.

శైలజకు ఏడుపొచ్చింది, ఒళ్లు కూడా మండింది. కంపెనీ సంగతి గుర్తొచ్చి కళ్లు తుడుచుకుని, కోడ్ల తెరలన్నీ మళ్లీ పెట్టేసింది. పాపక్క కూర్చుంది. ఏది కొట్టినా కంప్యూటరు తప్పు తప్పని కూసింది. ఆమె చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"సదువు లేనిదాన్ని, నాకే చేతకాలేదప్పా. బిడ్డ బాగానే చేసినాది. మార్కులెయ్యండి సామీ."

పెద్దాయన ముఖం వికసించింది. టోకెను రాకపోయినా, వాడే మనిషి తప్పు తనదేనని తానే ఒప్పుకోవడం ఈ సబ్జెక్టు సాధించిన అపూర్వ విజయమని రాసి, శైలజకు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వేశారు. పాపక్క మోకాలు నొప్పితోనే హొసకోటె బస్సెక్కింది.

శైలజకు ఉద్యోగం వచ్చింది. ఆ కంపెనీ మెషిన్లు త్వరలోనే ఊరూరా బ్యాంకుల్లోకి, ఆస్పత్రుల్లోకి వచ్చేశాయి. మొన్న మీరు ఒకదాని ముందు నిలబడ్డారు. అది తప్పు తప్పంటుంటే, వెనక క్యూలో వాళ్ల వైపు తిరిగి "నాకే తెలీడం లేదండీ" అని సిగ్గుగా నవ్వారు. వాళ్లు కూడా మిమ్మల్ని చూసే విసుక్కున్నారు. మెషిన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు.