బాలనర్సయ్య గారి టీవీ బేరం

"ఇగ గోపన్‌పల్లి చరిత్రను రెండు ముక్కలుగ రాయాలె. టీవీకి ముందు, టీవీకి తర్వాత!" అని మా డివిజన్ పార్టీ అధ్యక్షులు శ్రీ బాలనర్సయ్య గారు కమ్యూనిటీ హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. అప్పటికింకా టీవీ కొనలేదు. కొనబోతున్నందుకు సన్మానం మాత్రం జరిగిపోయింది.

సందర్భం చిన్నదేమీ కాదు. మా బస్తీ పిల్ల రోహిణి రాష్ట్ర మహిళల కబడ్డీ జట్టుకు ఎంపికైంది. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి నాగపూర్‌లో మొదటి ఆట. స్పోర్ట్స్ ఛానల్లో లైవ్ ఇస్తారు. ఆ ఛానల్‌కు వేరే ప్యాక్ కట్టాలి కాబట్టి బస్తీలో ఎవరింట్లోనూ రాదు. మా ఇంట్లో వచ్చేవన్నీ ప్రార్థన ఛానళ్ళు. అందుకని హాల్లో పెద్ద ఫ్లాట్ టీవీ పెట్టించి, ప్యాక్ వేయించి, అందరికీ ఆట చూపించే భారం బాలనర్సయ్య గారు నెత్తిన వేసుకున్నారు. టీవీ ఎంతుంటుందో చేతులు బార్లా చాచి చూపించారు. ఫొటో సరిగ్గా రాలేదంటే ఇంకో జానెడు పెంచి మళ్ళీ చూపించారు.

రోహిణి తల్లి లచ్చమ్మ హైటెక్ సిటీలో మా ఆఫీసులోనే హౌస్‌కీపింగ్ చేస్తుంది. కూతురు పదేళ్ళుగా ఆడుతున్నా ఆమె ఒక్క ఆటా చూడలేదు. ఆట ఉన్న రోజు డ్యూటీ ఉంటుంది, డ్యూటీ లేని రోజు ఆట ఉండదు. ఈ ఒక్క ఆదివారం సెలవు కోసం రాబోయే రెండు పండగలకూ డ్యూటీ చేస్తానని సూపర్‌వైజర్‌కు ఒప్పుకుంది. ఫోన్లో చూద్దామన్నా ఆమెది బటన్ల ఫోను.

"నా బిడ్డ ఎట్ల ఉరుకుతదో ఒక్కసారి సూడాలె సార్. గంతే," అన్నది నాతో, మా ఏడో అంతస్తు తుడుస్తూ.

ఇక నా సంగతి. నా పేరు సైమన్. బాలనర్సయ్య గారు నన్ను ఆ సభలోనే సాంకేతిక సలహాదారుగా నియమించారు.

"సైమన్ తమ్మీ, నువ్వు సాఫ్ట్‌వేర్ గదా. టీవీ నువ్వే సూడాలె."

"నేను జీతాల సెక్షన్లో పనిచేస్తానండి. టీవీల గురించి నాకేం తెలియదండి."

"కంప్యూటర్ ముందట కూసుంటవా లేదా?"

"కూర్చుంటానండి."

"కంప్యూటర్ అంటే ఏంది? చిన్న టీవీ. ఇగ పో."

మా వైపు మెడలో ఐడీ కార్డు వేలాడేవాడికి కుక్కర్ నుంచి ఉపగ్రహం దాకా అన్నీ తెలిసుండాలి. తెలియదంటే పొగరనుకుంటారు.

బుధవారం కూకట్‌పల్లి వెళ్ళాం. బాలనర్సయ్య గారు, నేను, ఆయన సోషల్ మీడియా ఇన్‌ఛార్జి లోహిత్. లోహిత్ జేబులో ఎప్పుడూ ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది. అందులో 'అన్న సేవలు' అనే పేరుతో ఆయన వీడియోలన్నీ ఉన్నాయి. సామాన్యులు టీవీ కొనేటప్పుడు షాపువాళ్ళు వేసే చిలకలూ జలపాతాలూ చూసి మోసపోతారు. బాలనర్సయ్య గారు మోసపోయే రకం కాదు. పెన్‌డ్రైవ్ పెట్టించి తమను తామే చూసుకుంటారు. తెలిసిన మొహమైతేనే కదా తేడా తెలిసేది!

షోరూంలో ఏంజెల్ అనే అమ్మాయి మాకు ఫోర్‌కే టీవీ చూపించింది. ఎక్స్చేంజ్ ఉంది, క్యాష్‌బ్యాక్ ఉంది, కార్డు మీద ఇంకో పదిశాతం ఉంది, సౌండ్‌బార్ ఫ్రీ. నాకైతే అక్కడే కొనెయ్యాలనిపించింది. తెర మీద బాలనర్సయ్య గారు జెండా ఎగరేస్తూ ప్రత్యక్షమయ్యారు. ఆయన రెండడుగులు ముందుకేసి, మూడడుగులు వెనక్కి వేశారు.

"నా మీసం సగం తెల్లగ ఎందుకున్నది?"

"అది ఒరిజినల్ కలర్ సార్. రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపించడమే దీని స్పెషాలిటీ."

"ఉన్నది ఉన్నట్టు సూపిస్తే ఇగ టీవీ ఎందుకు, అద్దం కొనుక్కుంట గదా!"

"అన్నా, చెవి ఎనుక రంగు కారిన మరక గూడ కనవడుతుంది," అన్నాడు లోహిత్, టీవీని మెచ్చుకుంటూ. బాలనర్సయ్య గారు వాడి వైపు చూసిన చూపు కూడా ఆ టీవీలో అయితే చాలా స్పష్టంగా వచ్చేది.

గురువారం హైటెక్ సిటీలో ఒక మాల్‌కు వెళ్ళాం. మర్నాడు ఆఫీసులో లచ్చమ్మ టీవీ దొరికిందా అని అడుగుతుందని తెలుసు కాబట్టి, ఈసారి ఎలాగైనా కొనిపించాలని నేను గట్టిగా అనుకున్నాను. అక్కడి సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఆకాష్ టై సర్దుకుంటూ, పిక్సెల్ అన్నాడు, ప్రాసెసర్ అన్నాడు, ట్రూ బ్లాక్ అన్నాడు. గోడంత టీవీ. పెన్‌డ్రైవ్ పెట్టగానే నిరుటి వరదల వీడియో వచ్చింది. ఇల్లు మునిగిన ఒక ముసలమ్మను ఒక చేత్తో పొదువుకుని, బాలనర్సయ్య గారు రెండో చేత్తో కండువా పట్టి కళ్ళు ఒత్తుకుంటున్నారు. బస్తీ అంతా ఏడ్చిన వీడియో అది. నేనూ ఏడ్చాను.

"నీళ్ళేవి?" అన్నారాయన.

"మోకాళ్ళ దాకా ఉన్నాయి కదండీ," అన్నాను.

"వరద గాదు తమ్మీ. నా కండ్లల్ల నీళ్ళేవి?"

నిజమే. అంత పెద్ద తెర మీద రెండు కళ్ళూ ఎండాకాలం బావుల్లా పొడిగా ఉన్నాయి. ముసలమ్మను పొదువుకున్న చేతిలో, ఆమె వీపు వెనక, ఫోను ఉంది. ఆకాష్ ఉత్సాహంగా జూమ్ చేశాడు.

"చూడండి సార్, ఇదీ డీటెయిలింగ్ అంటే! ఫోన్లో మెసేజ్ కూడా చదవొచ్చు." తనే చదివాడు. "అన్నా బిర్యానీ వచ్చింది, జల్ది రా."

లోహిత్ చటుక్కున పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు.

"గిసోంటి టీవీలు దేశానికి మంచిగ గావు," అన్నారు బాలనర్సయ్య గారు మెల్లగా. "శత్రువుల చేతుల పడితే ఏం గాను?"

అంత ముందుచూపున్న కొనుగోలుదారును నేనింతవరకు చూడలేదు. కారెక్కాక ఆయన తమ కొనుగోలు విధానాన్ని మాకు వివరించారు. టీవీ పెద్దగా ఉండాలి, పల్చగా ఉండాలి, ధర తక్కువుండాలి. బొమ్మ మాత్రం మర్యాదగా ఉండాలి.

శుక్రవారం ఆఫీసులో లచ్చమ్మ బకెట్ పక్కన పెట్టి అడిగింది. "టీవీ దొరికిందా సార్?"

"దొరుకుతుంది లచ్చమ్మ గారూ. సార్ చాలా జాగ్రత్తగా ఏరుతున్నారు."

"మా కోసం ఎంత పరేషాన్ అయితుండో మనిషి," అంటూ ఆయనున్న దిక్కుకు దండం పెట్టింది. నేను కాఫీ కప్పు పట్టుకుని నా సీటుకు వెళ్ళిపోయాను.

శనివారం సాయంత్రం చందానగర్ మార్కెట్లో పట్టాభిరామయ్య గారి కొట్టుకు చేరుకున్నాం. పాత సామాను ఎక్స్చేంజ్‌కు తీసుకునే చిన్న కొట్టు. కొత్తవి ఒక్కొక్కటే పెట్టి చూపిస్తుంటే బాలనర్సయ్య గారు తల అడ్డంగా ఊపుతున్నారు. చివరికి గోడకు ఆనించి ఉన్న ఒక పెద్ద ఫ్లాట్ టీవీ మీద ఆయన చూపు పడింది.

"గది పెట్టు."

"అది వద్దండి బాబూ," అన్నారు పట్టాభిరామయ్య గారు. ఆయన నిజాయితీపరుడు. "ఎవరో అద్దెకున్నోళ్ళు వదిలేసి పోయారండి. ప్యానెల్ పోయిందండి. బొమ్మంతా మజ్జిగలో ముంచినట్టుంటదండి. తుక్కుకి ఎయ్యబోతన్నానండి."

"పెట్టవయ్యా!"

పెట్టారు. తెల్లటి మసకలో వరద వీడియో మొదలైంది. మీసం ఎక్కడుందో తెలియలేదు, కాబట్టి తెల్లదో నల్లదో తేలలేదు. ఫోను లేదు. మొహం ఉండాల్సిన చోట రెండు మెరుపులు కదులుతున్నాయి. అవి కన్నీళ్ళే అనుకుంటే ధారాపాతంగా కారుతున్నట్టే.

"ఆహా!" అన్నారు బాలనర్సయ్య గారు. "గిదీ టీవీ అంటే. మనసు కనవడుతుంది."

నేను ధైర్యం చేశాను. "సార్, రేపు ఆటలో మనుషుల్ని గుర్తుపట్టడం కష్టమవుతుందేమోనండి. లచ్చమ్మ గారు పాపం..."

"తల్లి కడుపు తమ్మీ! బిడ్డను గుర్తువట్టనీకె తల్లికి పిక్సెల్ గావాల్నా?"

తుక్కు ధరకు బేరం కుదిరింది. దాని మీద ఒక ఇస్త్రీపెట్టె, ఒక గోడగడియారం ఉచితంగా ఇప్పించుకున్నారు. ప్రజల సొత్తు పోకుండా ఆ రెండూ తమ ఇంట్లోనే భద్రపరిచారు.

ఆదివారం నాలుగింటికే హాలు నిండిపోయింది. లచ్చమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. ఆటగత్తె తల్లి కాబట్టి వేదిక మీద కుర్చీ వేశారు. టీవీకి గులాబీ దండ వేశారు. టీవీకి మించిన దండ బాలనర్సయ్య గారి మెడలో ఉంది. ప్రసంగం నడుస్తుండగానే లోహిత్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెర మీద 'అన్న సేవలు' కదులుతున్నాయి.

"అన్నా, ఐదయితుంది," అన్నది లచ్చమ్మ రెండుసార్లు.

ఐదూ పదికి బాలనర్సయ్య గారు మైకులో గర్జించారు. "లోహిత్! ఇగ ఆట వెట్టు!"

లోహిత్ రిమోట్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. చెమట తుడుచుకుని ఇంకోటేదో నొక్కాడు. మజ్జిగలో మనుషులు కదిలారు. ఒకరినొకరు తోసుకుంటున్నారు, కాళ్ళు పట్టి లాగుతున్నారు, మీద పడుతున్నారు.

"కబడ్డీ!" అని ఎవరో అరిచారు. హాలంతా ఈలలు.

బాలనర్సయ్య గారు మైకు వదల్లేదు. "అగో, మన పిల్లలు జొచ్చిన్రు! పట్టిన్రు! ఇడువలే! పాయింట్!"

లచ్చమ్మ లేచి నిలబడింది. మసకలో ఒక ఆకారం గుంపులోకి దూసుకుపోయింది, కిందపడింది, నలుగురు మీద పడ్డారు, చెయ్యి ముందుకు చాచి మళ్ళీ లేచింది.

"గదే! గదే నా బిడ్డ!" అని అరిచింది లచ్చమ్మ. "గా ఉరుకుడు నాకెరుకే. ఎడమ బుజం జర వంగుతది. నా బిడ్డనే!"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. తల్లి కడుపు సంగతి ఆయనకే తెలుసు, నాకేం తెలుసు అనుకున్నాను. ఆ టీవీని తిట్టుకున్నందుకు నిజంగా సిగ్గుపడ్డాను.

"గెలిచినం!" అని ప్రకటించారు బాలనర్సయ్య గారు. లచ్చమ్మకు శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. అంతలో ఆమె ఫోను మోగింది. రోహిణి! బాలనర్సయ్య గారు స్పీకర్ ఆన్ చేయించి మైకు దగ్గర పెట్టారు, విజేత గొంతు అందరూ వినాలని.

"అమ్మా, ఆట ఇంక మొదలుగాలే. స్టేడియంల కరెంటు వోయింది. అర్ధగంట పడుతదంట. నువ్వు టీవీ ముందట్నే ఉండు, సరేనా?" అన్నది హాలంతా వినబడేలా.

అందరూ తెర వైపు తిరిగారు. అక్కడ ఆట జోరుగా నడుస్తోంది.

బాలనర్సయ్య గారు కన్నార్పలేదు. "సూశిన్రా! ఆట మొదలుగాకముందే మన బిడ్డను గెలిపించినం. దేశంల ఇంకే డివిజన్ల అన్న అయిందా?"

"కాలే!" అన్నాడు లోహిత్. ముందు రెండు వరుసలూ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాయి.

లచ్చమ్మ కొట్టలేదు. శాలువాతోనే వేదిక దిగి, ముక్కు తగిలేంత దగ్గరగా టీవీ ముందు నిలబడింది. తెర మీద ఆ ఆకారం మళ్ళీ కిందపడి, మళ్ళీ లేచింది. ఖాళీ చేతులతోనే లేచింది. లచ్చమ్మ చెయ్యి తన ఎడమ భుజం మీదికి వెళ్ళింది.

"అన్నా, గిది మొన్న చలికాలం నువ్వు దుప్పట్లు పంచిన దినం గదా," అన్నది. "గామె నేనే. నాకు దుప్పటి దొర్కలే."

"అయితేంది చెల్లే, ఇయ్యాల శాలువ గప్పినం గదా!" అన్నారు బాలనర్సయ్య గారు. మళ్ళీ చప్పట్లు. ఆ సందడిలో లోహిత్ ఆయన చెవిలో చెప్పింది పక్కనే ఉన్న నాకు వినిపించింది. "అన్నా, ఛానల్ ప్యాక్ వెయ్యలే. టీవీ వచ్చినంక ఏద్దామని మర్శిన."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి మైకు అందుకున్నారు. "గెలిచిన ఆటను మల్ల సూసుడెందుకు? కరెంటు దండుగ. కార్యక్రమం ముగిసింది!"

కుర్చీలు మడిచారు. ఆరింటికి ఇంకో సన్మానం ఉందని లోహిత్ లచ్చమ్మ భుజం మీది శాలువా తీసి మడతపెట్టుకున్నాడు. హాల్లో ఉంటే దొంగలు పడతారని టీవీని బాలనర్సయ్య గారి ఇంటికి చేర్చాలన్నారు. సాంకేతిక సలహాదారును కాబట్టి ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస లోహిత్.

మేం మెట్లు దిగేసరికి లచ్చమ్మ చివరి మెట్టు మీద కూర్చుని ఉంది. రోహిణి మళ్ళీ ఫోను చేసింది, స్పీకర్‌లో గొంతు వినిపిస్తోంది.

"అమ్మా, కరెంటు వచ్చింది. దిగుతున్నం. సూస్తున్నవు గదా?"

టీవీ ఆమె భుజాన్ని రాసుకుంటూ పోయింది. ఆమె దాని వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"సూస్తున్న బిడ్డా," అన్నది. "మంచిగ కనవడుతున్నవ్. ఆడు."