తొలి తట్టలో బెల్లం

మంగళవారం ఉదయం పదిన్నరకు కారంపూడి దగ్గర మంత్రి రాఘవయ్య అణువ్యర్థాల సిమెంటు గదికి తొలి తట్ట కాంక్రీటు పోశారు. ఆసుపత్రుల రేడియోధార్మిక చెత్తను ఈ గది మూడు వందల ఏళ్లు కదలకుండా పట్టుకుంటుందని ప్రకటించారు. చప్పట్లు రెండు నిమిషాలు మోగాయి.

గదికి జవాబుదారీ సైంటిస్టు నీలిమ. ఆమె సంతకం లేనిదే లోపలికి చెత్త రాదు. కాంక్రీటులో పూలు, బెల్లం, పాలు, గుడ్డ వేయరాదని ముందురోజే బోర్డు పెట్టించింది. బోర్డుకు దండ వేశారు.

తట్ట వెనకే నలభై కిలోల బెల్లం, ఆరు బిందెల పాలు, పద్నాలుగు మండలాల కార్యకర్తలు తెచ్చిన దండలు గోడ సెంట్రింగ్‌లో పడ్డాయి.

“సార్, ఆపించండి,” అంది నీలిమ. “చెత్తలో విషాన్ని సిమెంటు పట్టి ఉంచుతుంది. పూలు, గుడ్డలు అందులో కుళ్లితే వచ్చే పదార్థం ఆ విషాన్ని విడిపించి నీళ్లలో కలుపుతుంది.”

“ఏందమ్మా నువ్వు!” అన్నారు మంత్రి. “మా ఇంట్లో బాత్రూముకే కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం. మూడొందల ఏళ్ల గోడకు పూజ వద్దంటావా?”

“చానా బాగా చెప్పారన్నా!” అన్నాడు మండల నాయకుడు వెంకటేష్, తన కండువా కూడా తీసి లోపల వేస్తూ.

కంచె అవతల పొలం మణెమ్మది. ఆమె బోరు నీళ్లే నలభై ఇళ్లకు తాగునీరు.

“ఏమ్మా, ఆ విషం మా బోరులోకి రాదుగా?” అని నీలిమను అడిగింది.

“ఈ గోడ పగలగొట్టి మళ్లీ పోస్తే రాదు పిన్నీ.”

“పగలగొట్టకపోతే?”

నీలిమ రిపోర్టు రాయడానికి వెళ్లింది.

పదో రోజు సెంట్రింగ్ విప్పారు. మణెమ్మ వేలితో గీరితే గోడలోంచి బంతిపువ్వు వచ్చింది. మంత్రి పేరున్న శిలాఫలకాన్ని ఆ గోడకే బిగించారు. సాయంత్రానికి అది ఊడి వెంకటేష్ కాలిమీద పడింది.

మర్నాడు మంత్రి ఆరు పేజీల రిపోర్టును మొత్తం చదివించుకుని విన్నారు.

“ఈ అమ్మాయి రాసినట్టే చెయ్యండి. ఒక్క ముక్క తప్పితే ఊరుకోను.”

నీలిమ కంచె దాకా వెళ్లి మణెమ్మకు ఆ మాట చెప్పింది.

సోమవారం కూలీలు వచ్చారు. గది గోడను అలాగే ఉంచి, దానికి ఇరవై అడుగుల దూరంలో శిలాఫలకానికి వేరే గోడ పోశారు. అందులో పూలు, పాలు, బెల్లం పడకుండా ఇద్దరు కానిస్టేబుళ్లు కాపలా ఉన్నారు. ఆ గోడకు నీలిమను ఇన్‌చార్జిగా వేశారు. గది ఫైలు మీద సంతకానికి మరో అధికారి వచ్చారు.

పోసిన ఇరవై ఎనిమిదో రోజు కాంక్రీటు బలం పరీక్షలో శిలాఫలకం గోడ పాసైంది. అదే రోజు మధ్యాహ్నం మణెమ్మ బోరు పక్క దారిలో ఆసుపత్రి చెత్త డ్రమ్ముల లారీ గది దగ్గరికి వెళ్లింది.