కాపడం కంప్యూటర్

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, ఇంట్లోనూ వీధిలోనూ అందరూ "ఒకవేళ గారు" అనే అంటారు. గొడుగు తీసుకెళ్ళిన రోజున ఒకవేళ వాన రాకపోతే అని బెంగ, తీసుకెళ్ళని రోజున ఒకవేళ వస్తే అని బెంగ. ఆ పేరు పెట్టింది కట్టుకున్న భార్యే. పెట్టి పద్నాలుగేళ్ళయినా ఇంకా చెక్కు చెదరలేదు.

ఒకవేళ గారిది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. అల్మారాలూ బల్లలూ తయారుచేసే ఒక కంపెనీకి, అవి తయారుకాక ముందే తయారైపోయినట్టు కంప్యూటర్‌లో బొమ్మలు గీసి పంపాలి. దానికోసం ఇంటి చివర ఒక చిన్నగది, గదికో తలుపు, తలుపుకో గడియ ఉన్నాయి. లోపల ఉన్న పాత కంప్యూటర్ ఫ్యాన్లలో ఏళ్ళ తరబడి దుమ్ము పేరుకుపోయి, అది పిండిమరలా మోగేది. ఆ మోత హాలు దాటి వంటింటి దాకా వినిపించేది. "పాపం, ఎంత పని చేస్తున్నారో!" అని ఇంటికొచ్చినవాళ్ళు జాలిపడేవారు.

లోపల ఒకవేళ గారు పేకాట ఆడుతూ ఉండేవారు. ఒంటరిగా, కంప్యూటర్‌తోనే. రెండు గంటలు పని, నాలుగు గంటలు పేక. ఆయన రోజు మొత్తంలో బెంగ లేనివి ఆ నాలుగు గంటలే. వాటికోసమే బతుకుతున్నాననిపించేది ఆయనకి.

ఒక మంగళవారం పొద్దున్నే భార్య తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఆదివారం అమ్మ వస్తోంది. రెండు నెలలుంటుంది."

"రానీ, సంతోషం."

"ఈ గోడ అవతలే అమ్మ మంచం. ఈ మోతకి ఆవిడకి కునుకు పట్టదు. దీన్ని తీసుకెళ్ళి హాల్లో మూలన పెట్టేసుకోండి."

"హాల్లోనా!" అన్నారు ఒకవేళ గారు. హాల్లో తలుపూ ఉండదు, గడియా ఉండదు. వచ్చేపోయేవాళ్ళందరికీ తెర కనిపిస్తుంది. "ఒకవేళ... అసలు చప్పుడే లేకపోతే?"

"చప్పుడు చెయ్యని కంప్యూటర్ ఉంటుందా?"

"ఎందుకుండదు? ఫ్యాన్లే లేకుండా కడతారు. నేనే కడతాను, ఆదివారం లోపల."

"మీరా?" అంది ఆవిడ. ఆ ఒక్క మాటలో పద్నాలుగేళ్ళ కాపురం వినిపించింది.

గురువారానికి సామాను దిగింది. పెట్టె బరువు చూసి, అల్మారా ఏమన్నా పంపారేమో అనుకుంది ఆవిడ. మొత్తం అల్యూమినియం. ఒక పక్కంతా పుస్తకం తెరిచి నిలబెట్టినట్టు పలకలే పలకలు.

"ఇదిగో చూడు," అన్నారు ఒకవేళ గారు ఉత్సాహంగా. "లోపల చిప్పుకి పుట్టిన వేడి ఈ రాగిగొట్టాల మీదుగా పలకల్లోకి పాకుతుంది. పలకల నుంచి గాలిలోకి పోతుంది. ఎంత వేడి పుట్టినా మౌనంగా భరించి మెల్లగా బయటికి వదిలేస్తుంది."

"నాలాగన్నమాట," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చిప్పుకీ రాగికీ మధ్య వేడిని దాటించే పేస్టు రాయాలి. బఠాణీ గింజంత రాస్తే చాలని కాగితం మీద ఉంది. ఒకవేళ గారు ట్యూబు పట్టుకుని ఆగిపోయారు. అరనిమిషం తర్వాత వంటింటి గుమ్మంలో తేలారు.

"ఏమోయ్, బఠాణీ అంటే ఎండు బఠాణీయా, నానబెట్టినదా?"

"దేనికండీ?"

"తక్కువైతే మాడిపోతుంది. ఎక్కువైతే కారిపోతుంది."

"నానితే ఎలా మాడుతుంది?" అంది ఆవిడ, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే.

నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లు తుడిచి, ట్యూబులో మిగిలిందంతా అయిదోసారి రాశారు. అది ఏ బఠాణీ అయిందో ఆ దేవుడికే తెలియాలి.

శనివారం మధ్యాహ్నం మీట నొక్కారు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కారు, లేదు. మూడోసారీ లేదు. ఒకవేళ గారు, మూడు రోజుల కష్టం బూడిదైపోయిందనీ, రేపటి నుంచి బతుకంతా హాల్లోనేననీ నేల మీద చతికిలబడ్డారు.

"పోయిందే," అన్నారు, పిలవకుండానే వచ్చిన భార్యతో.

"ఎవరూ?"

"ఇదే. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు."

"చప్పుడు లేకుండా ఉండాలనే కదా కట్టారు?" అంది ఆవిడ. "ఆ దీపం వెలుగుతూనే ఉంది చూడండి. మీరు నొక్కినప్పుడల్లా వెలిగి ఆరి, ఆరి వెలుగుతోంది. మీరు చెవులతో చూస్తున్నారు."

నిజంగానే కంప్యూటర్ బతికే ఉంది. గోడ గడియారం టిక్కుమనడం కూడా వినిపించేంత నిశ్శబ్దం. ఒకవేళ గారికి కళ్ళు చెమర్చాయి. ఇక ఆన్‌లో ఉందో లేదో, పనో పేకో, లోకంలో ఎవరికీ తెలిసే దారి లేదు.

అయితే కొత్త బెంగ ఒకటి పట్టుకుంది. తెర మూలన చిప్పు వేడి ఎంతో అంకె కనిపిస్తూ ఉంటుంది. పేకాడితే నలభై. బొమ్మ గీసి, దానికి వెలుగునీడలు అద్దమని కంప్యూటర్‌కి చెప్తే ఎనభై దాటుతుంది. ఎనభై ఒకటి, ఎనభై రెండు... చూడలేక పని ఆపేసి మళ్ళీ పేక తెరిచేవారు. యంత్రం ఆరోగ్యం కోసమే పేకాట! ఇంత నిస్వార్థంగా ఆయన ఇదివరకెప్పుడూ ఆడలేదు.

ఈలోగా కంపెనీ యజమాని ఫోన్ల మీద ఫోన్లు. ఆయన నోట 'అర్జెంటు' తప్ప ఇంకో మాట రాదు కాబట్టి ఇంట్లో ఆయన పేరు అర్జెంటాయన.

"పళ్ళ డాక్టరు గారి వెయిటింగ్ రూము బొమ్మ గురువారానికి అర్జెంటండీ! ఇవ్వకపోతే ఆయన వేరే కంపెనీకి వెళ్ళిపోతాడు. అప్పుడు నేనూ వేరేవాళ్ళని చూసుకోవాల్సొస్తుంది."

గీస్తే కంప్యూటర్ మాడుతుంది, గీయకపోతే ఉద్యోగం మాడుతుంది. ఏం చెయ్యాలో తోచక ఒకవేళ గారు ఇంకో ఆట పంచుకున్నారు.

ఆదివారం అత్తగారు దిగారు. కుడి మోకాలు పట్టేసి, గుమ్మం ఎక్కడానికే ఆవిడకి అయిదు నిమిషాలు పట్టింది. సోమవారం పొద్దున భార్య ఆవిడ పేముకుర్చీ మోసుకొచ్చి, చిన్నగదిలో కిటికీ పక్కన, సరిగ్గా అల్యూమినియం పలకలకి ఆనించి వేసింది.

"ఇక్కడ వెలుతురు బాగుంటుందమ్మా. ఆయనెటూ చప్పుడు చెయ్యరు."

ఒకవేళ గారు బిక్కచచ్చిపోయారు. కానీ తెర అటు తిరిగి ఉంది, అత్తగారికి చూపా అంతంత మాత్రం. కొంచెం ఊపిరి పీల్చుకుని పేక తెరిచారు. అంతకుముందు అరగంట పని చెయ్యడంతో పలకలు ఇంకా వేడిగానే ఉన్నాయి.

"అబ్బ!" అన్నారు అత్తగారు. "ప్రాణం లేచొచ్చింది. అల్లుడుగారూ, నా మోకాలి కోసం ఇంత మంచి ఏర్పాటు చేశారా!"

చూస్తే ఆవిడ తువ్వాలు మడిచి పలకల మీద వేసి, దానికి మోకాలు ఆనించి కూర్చున్నారు. తెర మీద అంకె ఎగబాకుతోంది.

"అత్తయ్యగారూ, తువ్వాలు తియ్యండి! అది కాపడం పెట్టుకునేది కాదు, కాపాడుకోవాల్సింది!"

భార్య వచ్చి తగువు తీర్చింది. తువ్వాలు పలకల మీద కాదు, మోకాలికి చుట్టుకోవాలి. పలకలకి గాలీ ఆడుతుంది, కాలికి కాపడమూ ఉంటుంది. ఒకవేళ గారు ఒప్పుకోక తప్పలేదు.

పావుగంట గడిచింది.

"చల్లబడిందే," అన్నారు అత్తగారు.

ఒకవేళ గారు కంగారుగా పేక మూసి, పళ్ళ డాక్టరు గారి బొమ్మ తెరిచారు. వెలుగునీడలు మొదలయ్యాయి.

"అమ్మా, ఎలా ఉంది?" వంటింట్లోంచి భార్య కేక.

"ఇప్పుడిప్పుడే వేడెక్కుతోందే."

"అయితే పని మొదలెట్టారన్నమాట!"

ఒకవేళ గారికి అప్పుడర్థమైంది. మోతకి అబద్ధం చెప్పడం వచ్చు, మోకాలికి రాదు. తలుపు, గడియ, నిశ్శబ్దం, ఏవీ అక్కరకొచ్చేలా లేవు. ఆ సాయంత్రం దాకా పేక తెరిచిన ప్రతిసారీ "చల్లబడింది" అనే మాట వినిపిస్తూనే ఉంది. బతుకు హాల్లో ఉన్నా ఇంతకంటే నయంగా ఉండేదనిపించింది.

మంగళవారం ఆయనకి ఒక ఉపాయం తట్టింది. కంప్యూటర్ ఎంత వేడిని తట్టుకుంటుందో చూసే పరీక్ష ప్రోగ్రాం ఒకటుంది. అది ఏ పనీ చెయ్యదు, ఊరికే వేడి పుట్టిస్తుంది. దాన్ని వెనకాల నడిపించి, ముందు పేకాడుకోవచ్చు. మోకాలికి వేడి, ఆయనకి పేక!

నడిపించారు.

"బాగుంది నాయనా," అన్నారు అత్తగారు అయిదు నిమిషాలకి. "ఇవాళ మా అల్లుడుగారు బాగా కష్టపడుతున్నారు."

చేతికి మంచి ముక్కలు పడ్డాయి. మొదటిసారిగా ఒకవేళ గారు అంకె చూడడం మరిచిపోయారు. ఎనభై, తొంభై, తొంభై అయిదు...

"అమ్మో!"

మూడు నెలలుగా చెయ్యి పట్టి లేపితే గానీ లేవని అత్తగారు ఒక్క గెంతులో గది మధ్యలో నిలబడ్డారు. తువ్వాలు ఒక మూల, కళ్ళజోడు ఒక మూల. గరిటె పట్టుకుని భార్య పరుగెత్తుకొచ్చింది. తల్లి నిలబడి ఉంది, భర్త నోరు తెరుచుకుని ఉన్నారు, తెర మీద పేకముక్కలు వరసలుగా పరిచి ఉన్నాయి. ముగ్గురూ చూస్తుండగానే కంప్యూటర్ టప్పున ఆగిపోయింది.

"అది... ఒకవేళ..." అన్నారు ఒకవేళ గారు.

"ఊరుకోండి," అంది ఆవిడ నెమ్మదిగా. "నాకు మూడేళ్ళ నుంచీ తెలుసు. మీరు స్నానానికి వెళ్ళినా ఆ పాతది అలాగే మోగేది. స్నానాలగదిలోంచి కూడా బొమ్మలు గీస్తారా?"

"మరి ఎందుకు అనలేదు?"

"అంటే ఏం చేసేవారు? 'ఒకవేళ' అనేవారు. నాకూ బెంగగానే ఉండేది, ఆ ఉద్యోగం ఎప్పుడు పోతుందోనని. అందుకే కుర్చీ అక్కడ వేశాను."

ఒకవేళ గారు తల ఎత్తలేకపోయారు. తనొక్కడికే బెంగలుంటాయనుకున్నారు ఇన్నాళ్ళూ. భార్యకీ ఒకటి ఉందనీ, అది తన గురించేననీ తెలిసేసరికి సిగ్గేసింది.

కంప్యూటర్ చల్లారాక మళ్ళీ వెలిగింది. ఏమీ మాడలేదు. ఎంత పని చేసినా వేడి ఎనభై ఆరు దాటదని, కూర్చుని చేస్తే గానీ ఆయనకి తెలియలేదు. గురువారం ఇవ్వాల్సిన బొమ్మ బుధవారమే వెళ్ళిపోయింది. ముందుగా పని అందుకోవడం అలవాటు లేని అర్జెంటాయన, ఒంట్లో బాగుందా అని అడిగి, ఇంకో మూడు బొమ్మలు అప్పగించారు.

వారం తిరిగేసరికి అవీ అయిపోయాయి. అత్తగారు ఎవరి సాయమూ లేకుండా గుమ్మం ఎక్కేస్తున్నారు.

"అల్లుడుగారూ, కుడిది తేలికపడింది," అన్నారు ఆవిడ ఒక మధ్యాహ్నం. "పాపం ఎడమది మూలుగుతోంది. ఇటు పక్కకి ఇలాంటిదే ఇంకొకటి కట్టిపెట్టకూడదూ?"

"రెండోదా! దాని మీద పని ఎవరు చేస్తారు అత్తయ్యగారూ?"

"రెండు చేతులున్నాయి కదండీ మీకు," అంది భార్య. అప్పటికే ఆవిడ బల్ల రెండో పక్క ఖాళీ చేసేసింది.

ఒకవేళ గారు ఆ ఖాళీ వైపు ఒకసారి, అత్తగారి ఎడమ మోకాలి వైపు ఒకసారి చూశారు. తర్వాత ఫోను తీసుకుని, తనంతట తానే అర్జెంటాయనకి ఫోన్ చేశారు.

"ఏమీ లేదండీ," అన్నారు గొంతు తగ్గించి. "ఇంకేమైనా పని ఉందేమో కనుక్కుందామని."