మూడోసారి రుచి

గెర్లిండ హేబెర్లె కుడి మణికట్టు డిసెంబరు రెండవ మంగళవారం ఉదయం పదకొండు గంటలకు విరిగింది. ఈ విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు, ఎక్స్‌రే ఉంది. విరిగిన క్షణంలో ఆ మణికట్టు ఉద్యోగంలో ఉన్నదా, సొంత పని మీద ఉన్నదా అన్నదొక్కటే తేలవలసి వచ్చింది. జర్మనీలో ఇటువంటివి తేల్చకుండా వదలరు.

మా భవనం రెండవ అంతస్తులో గెర్లిండ తన ఇంట్లోనే అయిదుగురు చిన్నపిల్లలను పగలంతా చూసుకుంటుంది. అందుకు మున్సిపాలిటీ లైసెన్సు ఉంది. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని బిస్కెట్లు చేయడం ఆమెకు పాత అలవాటు. ఆ అలవాటును నిరుడు విద్యాశాఖ కనిపెట్టింది. ‘వంటగదిలో విశ్వజ్ఞానం’ అనే ఎనభై ఆరు పేజీల మార్గదర్శిని ప్రకారం, పిండి తూచే పిల్లకు గణితం, పొంగే పిండిని చూసే పిల్లకు రసాయనశాస్త్రం, తన వంతు కోసం ఆగే పిల్లకు ప్రజాస్వామ్యం అబ్బుతాయి. బిస్కెట్ ఎవరికి అబ్బుతుందో అందులో లేదు. అప్పటినుంచి గెర్లిండ ప్రతి శుక్రవారం పిల్లలందరి పేరిటా ప్రగతి పత్రాలు నింపుతోంది. రెండేళ్ళ క్విరిన్ గుడ్డు జారవిడిచినప్పుడు ‘గురుత్వాకర్షణతో తొలి పరిచయం’ అని రాసింది. శాఖవారు హర్షం వెలిబుచ్చారు.

ఆ మంగళవారం క్రిస్మస్ కోసం సోంపు బిస్కెట్లు తలపెట్టారు. మా ప్రాంతంలో వీటిని చెక్కిన అచ్చులతో ఒత్తి, ఒక రోజు ఆరబెట్టి, కాల్చి, డబ్బాలో పెట్టి వారాల తరబడి మెత్తబడనిస్తారు. గెర్లిండ పిల్లల చేత పిండి కలిపించింది. అచ్చు అందుకోవడానికి అలమర వైపు నడుస్తూ చూపుడువేలి కొసన ఉన్న పిండిని నోట్లో పెట్టుకుంది. నేల మీద పిల్లలు చల్లిన గణితం మీద కాలు జారింది.

ఇది ఉద్యోగ ప్రమాదమైతే, చేయి బాగయ్యేదాకా ప్రమాద బీమా సంఘం గాయపు భత్యం ఇస్తుంది. ఆమె తోడు మనిషిని పెట్టుకుని పిల్లలను చూసుకోగలదు. కాకపోతే, రెండేళ్ళవాణ్ణి ఎత్తుకోలేని మనిషికి లైసెన్సు ఉండదు. అయిదుగురినీ అయిదు చోట్లకు పంపించి, ముప్ఫై ఏళ్ళ పనికి తలుపు మూసుకోవాలి.

చట్టం చాలా సులభమైనది. ఉద్యోగి భోజనశాలకు నడిచి వెళ్ళడం ఉద్యోగంలో భాగం. భోజనశాల గుమ్మం దాటి లోపల అడుగుపెడితే కాదు. తింటూ పొలమారితే అది అతని సొంత విషయం. తిని తిరిగివస్తూ మెట్ల మీద జారితే సంఘం ఆదుకుంటుంది. మనిషి దేహంలో బీమా లేని అవయవం నోరొక్కటే. అయితే వంట చేసేవారి నోటికి ఒక మినహాయింపు ఉంది. తీపీ సోంపూ సరిపోయాయో లేదో చూస్తే దానికి జర్మన్ భాషలో ఒక మాట, ఊరికే నోరూరి నాకితే మరొక మాట. మన భాషలో ‘రుచి చూడటం’, ‘చప్పరించడం’ అనుకోవచ్చు. మొదటిది కొలువు, రెండవది విలాసం. దరఖాస్తులో రెండింటికీ చెరొక గడి ఉంది.

సంఘం మనిషి విచారణకు వస్తాడనగా కింది అంతస్తు ఎబర్‌ష్పెఖర్ అమ్మగారు ముందురోజే వచ్చి హెచ్చరించింది.

“సోంపు సరిపోయిందో లేదో చూశానని చెప్పవే. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు. నీకసలే నోరు ఆగదు.”

“నోరు ఆగకే కదక్కా ఇదంతా,” అంది గెర్లిండ.

సంఘం తరఫున రూడిగర్ ష్ట్రోబెల్ గారు వచ్చి, బూట్లు గుమ్మం దగ్గర వదిలి, అలమరకూ బల్లకూ మధ్య దూరం టేపుతో కొలిచారు. నేల మీద పడిన పిండి బోధనా సామగ్రి అని ఒప్పుకున్నారు. ఆ తరువాత సాక్షులెవరని అడిగారు. పెద్దవాళ్ళెవరూ లేరు. పిల్లల్లో అయిదేళ్ళ లేనె సాక్ష్యం చెల్లుతుందా అన్న సందేహం కలిగింది. ఆమె ప్రగతి పత్రం చూడగానే తీరిపోయింది. ‘లేనె చూసింది చూసినట్టు, జరిగిన వరసలో చెప్పగలదు. ఒక్క గ్రాము కలపదు, ఒక్క గ్రాము తగ్గించదు’ అని గెర్లిండే తన చేత్తో, అది బాగున్న రోజుల్లో, రాసి సంతకం చేసింది.

“అత్త పిండి నోట్లో పెట్టుకుందా, పాపా?”

“మూడుసార్లు.”

“ఒక్కసారే అన్నారే మీ అత్త.”

“అత్తకు లెక్కలు రావు. మాకే వచ్చు. మొదటిసారి సోంపు తగ్గిందంది. ఇంకొంచెం వేసింది. రెండోసారి సరిపోయిందంది.”

“మూడోసారి?”

“ఏమీ అనలేదు. కళ్ళు మూసుకుంది.”

ష్ట్రోబెల్ గారు కలం దించారు. ఆయన దుర్మార్గుడు కాడు. మా ఊళ్ళో ఎవరూ కారు. గెర్లిండ వైపు వంగి, గొంతు తగ్గించారు.

“చూడండమ్మా. మూడోసారి బాగాలేదని ఒక్క మాట చెప్పండి. బాగాలేనిదాన్ని ఎవరూ సరదాకి నాకరు. బాగాలేకపోతే అది పనే. మొదటి గడిలో టిక్కు పెట్టి వెళ్ళిపోతాను.”

అయిదుగురు పిల్లలూ ఆమె ముఖం వంక చూస్తున్నారు. ఆ పిండి వాళ్ళు కలిపింది.

“బాగుంది,” అంది గెర్లిండ. “అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.”

జనవరిలో నిర్ణయం వచ్చింది. మొదటి రెండు రుచులూ విధి నిర్వహణలో భాగమనీ, కాలు జారిన క్షణంలోని మూడవది వ్యక్తిగత సంతోషమనీ, కనులు మూసుకొనుట దానికి బలమైన నిదర్శనమనీ పేర్కొన్నారు. ఆమె పడిపోవడం చూసి కంగారులో లేనె అప్పడాల కర్రను కాలి మీద వేసుకోగా కమిలిన బొటనవేలిని మాత్రం విద్యాభ్యాస ప్రమాదంగా వెంటనే గుర్తించి, చికిత్స మంజూరు చేశారు. చదవడం రాని లేనె ఆ ఉత్తరాన్ని గెర్లిండ చేతే చదివించుకుంది.

లైసెన్సును మున్సిపాలిటీకి తిరిగి ఇచ్చేయవలసిన రోజుకు ముందురోజు గెర్లిండ మమ్మల్నందరినీ పిలిచింది. మిగిలిపోయిన ఆ పిండిని ఎబర్‌ష్పెఖర్ అమ్మగారు డిసెంబరులోనే అచ్చులు ఒత్తి కాల్చి దాచింది. వృథా చేయడం మా ప్రాంతంలో తెలియదు. బిస్కెట్లు సరిగ్గా మెత్తబడి ఉన్నాయి. అందరం తలా రెండు తీసుకున్నాం. సంఘం నిర్ణయం కాస్త కఠినమే గాని సబబేనని, నోరు నిండుగా ఉండగానే, ఒక అభిప్రాయానికి వచ్చాం. ఇంత రుచైనదాన్ని పని అని ఎవరంటారు, అన్నాం. ఆమె ఎడమచేత్తో ఇంకో పళ్ళెం తెచ్చి పెట్టింది.