ఐపీ చిరునామాకు పునరావాసం

మనిషి ఎక్కడుంటాడో తెలియకపోయినా రాజ్యం నడుస్తుంది. కంప్యూటరు ఎక్కడుంటుందో తెలియకపోతే మాత్రం నడవదు. ఈ సత్యాన్ని అందరికంటే ముందు గుర్తించిన ఘనత వనపర్తిలోని చిరునామాల పర్యవేక్షణ కార్యాలయానిది. (అలాంటి కార్యాలయం ఒకటుందని ఊళ్లో చాలామందికి తెలియదు. దాని చిరునామా ఎవరి దగ్గరా లేదు.)

రెండు వేల ఏడులో ఆ కార్యాలయ సూపరింటెండెంటు మాసయ్య ఒక ఉత్తర్వు జారీ చేశారు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు పట్టణాల్లోని ఇంటర్నెట్ సెంటర్లు తమ కంప్యూటర్ల ఐపీ చిరునామా సమర్పించి స్థిర నివాస ధ్రువపత్రం పొందాలి. పొందేదాకా షట్టరు దించి ఉంచాలి.

బస్టాండు వెనక సందులో ఫిర్దోస్ నడిపే సెంటరు షట్టరు ఆ మధ్యాహ్నమే దిగింది. డిగ్రీ ఫలితాలొచ్చే వారం అది. ఆమె, ఆమె తల్లి బతికేది ఆ నాలుగు కంప్యూటర్ల మీదే. కాబట్టి ఫిర్దోస్ ఎవరితోనూ వాదించలేదు. దించిన షట్టరు వెనక కూర్చుని, స్టార్టు నొక్కి, రన్‌లో సీఎండీ అని కొట్టి, నల్లటి తెర తెరుచుకున్నాక ఐపీకాన్‌ఫిగ్ అని కొట్టింది. తెల్లటి అక్షరాల్లో చిరునామా వచ్చింది: 192.168.1.2. చిరునామా కనుక్కోవడం అంతే, రెప్పపాటు పని. మిగతాదంతా పరిపాలన.

ఆమె కాగితం మీద రాసి కార్యాలయానికి పట్టుకెళ్లిన ఆ అంకెలను మాసయ్య కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"ఇంటి నంబరేది?"

"గదే సార్ నంబరు."

"నడుమ చుక్కలేంది? ఇంటి నంబరుకు గీతలుండాలె గద."

"దీనికి గట్లనే ఉంటది సార్."

మాసయ్య కఠినాత్ముడు కాదు. పై అధికారుల అనుమతి వచ్చేదాకా చుక్కలను తాత్కాలికంగా గీతలుగానే భావిస్తామని పక్కన రాశారు. నాలుగు కంప్యూటర్లలో కుటుంబ పెద్ద ఎవరని అడిగితే ఫిర్దోస్ తలుపు దగ్గర ఉన్నదాని పేరు చెప్పింది. మిగతా మూడింటినీ దాని మీద ఆధారపడిన వారిగా నమోదు చేశారు. ఇక కావలసింది ఇరుగుపొరుగు సాక్ష్యం.

సెంటరు పక్కనున్న పంక్చర్ల దుకాణం యజమాని చోటే మియా చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. 'ఈ చిరునామాను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. సత్ప్రవర్తన గలది' అని అందులో ముందే అచ్చువేసి ఉంది.

"ఎవరి పిలగాడు బేటీ?"

"కంప్యూటరు చాచా."

"మంచోడేనా?"

"మంచోడే."

చోటే మియా సంతకం చేశాడు.

సాక్ష్యం సమర్పించేవాళ్లు కూర్చోవడానికి కార్యాలయ వరండాలో ఒక బల్ల ఉంది. దాని మీద సోమశిల వైపు నుంచి వచ్చిన తిరుపతమ్మ కూర్చుని ఉంది. ఆమె ఊరు జలాశయంలో మునిగినప్పుడు ఆమె కొత్త పెళ్లికూతురు. ఇప్పుడు మనవలున్నారు. బదులుగా ఇస్తామన్న ఇంటి జాగా కోసం ఆమె ఆ బల్ల మీదికి వస్తూనే ఉంది. ఫిర్దోస్ ముఖం చూసి కొంచెం జరిగి చోటిచ్చింది.

"నీదేం ఊరు మునిగింది బిడ్డా?"

"ఊరు కాదు పెద్దమ్మా. దుకాణం."

"నీళ్లొచ్చినయా?"

"ఉత్తర్వొచ్చింది."

తిరుపతమ్మ అర్థమైనట్టు తలూపింది. "నా పాత ఇల్లు చూసి రాస్తెనే కొత్త జాగ ఇస్తరంట. ఇల్లేమో నీళ్ల కిందుంది. ఎండకాలం గోడలు తేల్తయి, గప్పుడు రాండ్రి అంటె సారుకు సెలవులంట."

ఫిర్దోస్ పని అంతకంటే చురుగ్గా సాగింది. సెంటరు తనిఖీకి కార్యాలయం అటెండరు భీమయ్య వచ్చాడు. అప్పుడే కరెంటు పోయింది. భీమయ్య తలుపు కొట్టినట్టుగా తెర మీద మర్యాదగా తట్టి, కాసేపు చూశాడు.

"పలుకుతలేడు గదమ్మా."

"కరెంటు లేదన్నా. జర సేపు కూసో, వస్తది."

"కూసుంటె నా గద్వాల బస్సు పోతది."

'తనిఖీ సమయంలో చిరునామాదారు ఇంట లేరు, వలస పోయినట్టుంది' అని రాసుకుని అతను వెళ్లిపోయాడు. (పాలమూరులో ఇంట లేనివాళ్లంతా కూలికి బొంబాయికే పోయి ఉంటారని కార్యాలయం ఏనాడో తీర్మానించింది.) ఆ రాత్రి ఫిర్దోస్ తల్లి అన్నం తింటూ, ఇంకెన్నాళ్లని అడగబోయి, కూతురు ముఖం చూసి, ఆమె కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది.

అసలు ఉపద్రవం తర్వాత వచ్చింది. భీమయ్య గద్వాలలో పాల్ సెంటరును, నాగర్‌కర్నూలులో హఫీజ్ సెంటరును కూడా తనిఖీ చేసి వచ్చాడు. మూడు నివేదికలూ పక్కపక్కన పెట్టుకున్న మాసయ్యకు చెమట పట్టింది. మూడు ఊళ్లలోనూ చిరునామా ఒక్కటే: 192.168.1.2. ముగ్గురినీ పిలిపించారు.

"ఒక్క ఇల్లు మూడు ఊర్లల్ల ఎట్లుంటది?" అన్నారు.

"అది లోపలి నంబరు సార్," అంది ఫిర్దోస్. "శానా సెంటర్లల్ల గదే ఉంటది. బయటి నంబరు వేరే. అది మారుతుంటది."

"ఇండ్లు మారేటోళ్లను ఈ ఆఫీసు నమ్మదు."

గద్వాల పాల్ అప్పటికే గది మూలకు చూస్తున్నాడు. అక్కడ కార్యాలయం వారి సొంత కంప్యూటరు గుడ్డ కప్పుకుని, దసరానాటి బంతిపూల దండతో ఉంది.

"సార్, దాంట్ల గూడ ఓసారి చూడుండ్రి," అన్నాడు పాల్.

భీమయ్య దండ తీసి గుడ్డ తొలగించాడు. దాన్ని ఆన్ చేయడం ఎవరికీ తెలియకపోవడంతో హఫీజ్ ఆన్ చేశాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. 192.168.1.2.

తప్పు తెలిసిపోయింది, ఇక షట్టరు ఎత్తుకోవచ్చని ఫిర్దోస్ అనుకుంది. మాసయ్య కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నారు.

"అంటె మీరు ముగ్గురు సర్కారు చిరునామాను కబ్జా చేసిండ్రు."

ఆ చిరునామా ఖాళీ చేయవలసిందిగా అక్కడికక్కడే నోటీసులు తయారయ్యాయి. ఫిర్దోస్ నోటీసు అందుకుంది.

"మేమేడికి పోవాలె సార్?"

ఆ గొంతు విని మాసయ్య కరిగిపోయారు. ఎవరినీ నిరాశ్రయులను చేయడం ప్రభుత్వ విధానం కాదన్నారు. ఖాళీగా ఉన్న నంబర్లేవో ఆమెనే అడిగి తెలుసుకుని, కూర్చున్న చోటే, చివరి రెండుకు బదులు వనపర్తికి పది, గద్వాలకు పదకొండు, నాగర్‌కర్నూలుకు పన్నెండు కేటాయించి, పునరావాస పట్టాలు రాసి, ముద్ర వేసి ముగ్గురి చేతుల్లో పెట్టారు. రేపటి నుంచి షట్టర్లు ఎత్తుకోవచ్చన్నారు. ఆయన ముందున్న టీ కూడా అప్పటికి చల్లారలేదు. ఫిర్దోస్ పట్టాను చున్నీ కొంగులో చుట్టుకుని, చాలా రోజుల తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

వరండాలో అంతా వింటున్న తిరుపతమ్మ లేచి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"సారూ, గా నంబర్ల పక్కపొంటి నాకింత జాగ ఉంటదా?"

మాసయ్య ఫిర్దోస్ వైపు చూశారు. ఇంకా రెండు వందల పైచిలుకు ఖాళీగా ఉంటాయని ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆయన నిబంధనల పుస్తకం తిరగేసి, నిజంగానే బాధపడ్డారు.

"ఖాళీలైతె శానా ఉన్నయమ్మా. కాని నువ్వు కంప్యూటరువు కావు."

తిరుపతమ్మ ఒప్పుకుంది. ఆ మేరకు ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నారు.